ఐదు చీకటి ఫోటోలు

జెర్లిన్ నా బల్ల మీద పన్నెండు ఫోటోలు పరిచింది. అన్నిట్లోనూ ఒకే నగ, ఏడు పేటల ముత్యాల సత్‌లడా. కింద ఒకే నల్ల వెల్వెట్ గుడ్డ. తీసిన కోణం కూడా వెంట్రుకవాసి మారలేదు. కానీ మొదటి ఏడింటిలో ముత్యాలు తెల్లగా మెరుస్తుంటే, చివరి ఐదింటిలో మసిబారినట్టున్నాయి. పేటకీ పేటకీ మధ్య సందు కూడా కనపడటం లేదు.

"ఈ ఐదే మా డాడీని జైలుకు పంపుతున్నయి మేడమ్," అంది. "సాయంత్రం నాంపల్లి కోర్టుల హాజరు పెడ్తరంట. గా లోపల మీరేమన్న చేయాలె."

నాకు కోపం తొందరగా వస్తుందని నాంపల్లిలో నా ఆఫీసు మెట్లు ఎక్కినవాళ్లందరికీ తెలుసు. కుతూహలం అంతకంటే తొందరగా వస్తుందని కొందరికే తెలుసు. 'ప్రైవేట్ డిటెక్టివ్ అహల్య' అనే బోర్డు ఇన్నేళ్లుగా ఆ గోడకు నిలబడి ఉందంటే ఈ రెండో గుణం వల్లే. టిఫిన్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ ఫోటోలను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. ఒకే కెమెరా, ఒకే గది, ఒకే దీపాలు. ఏడు బాగా వచ్చి ఐదు ఎందుకు చెడిపోయాయి?

కేసు సంగతి ఇది. శ్రీవిద్య పాతబస్తీలో పేరున్న ఇంటి ఆడపడుచు. తల్లి పోయాక ఆ సత్‌లడా ఆమె దగ్గరే ఉండిపోయింది. ముగ్గురు అక్కచెల్లెళ్ల మధ్య పంపకాలు జరిగేముందు నగకు ఫోటోలు తీయించాలని పెద్దమనుషులు తేల్చారు. అందుకని మొన్న పొద్దున దాన్ని అబిడ్స్‌లో వెంకటేశం నడిపే ఫోటో స్టూడియోకు తెచ్చింది. కాపలాకు ప్రైవేట్ డిటెక్టివ్ మహీధర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. ఫోటోలు తీసింది జెర్లిన్ తండ్రి హెన్రీ. మెదక్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆ స్టూడియోలోనే ఉన్నాడు. వెంకటేశం కిందటి దసరాకు డిజిటల్ కెమెరా కొన్నాక జెర్లిన్ కూడా అక్కడే కంప్యూటర్ మీద ఫోటోలు దిద్దే పనికి చేరింది.

ఆ స్టూడియోకు ఒక కట్టుబాటు ఉంది. లోపల నగ ఉన్నంతసేపు ఫోటోగ్రాఫర్ తప్ప ఎవరూ గదిలోకి పోకూడదు. తాళంచెవి ఫోటోగ్రాఫర్ జేబులోనే ఉండాలి, యజమాని అడిగినా ఇవ్వకూడదు. నగలవాళ్లు ఆ స్టూడియోను నమ్మేది అందుకే. హెన్రీని ముంచింది కూడా అదే.

ఒంటిగంటకు గదికి తాళం వేసి భోజనానికి పోయానని హెన్రీ అన్నాడు. షుగర్ ఉన్న మనిషి, వేళకు తినాలి. పోస్టాఫీసు మెట్ల మీద ఒక్కడే కూర్చుని తెచ్చుకున్న డబ్బా తిని, రెండింటికి తిరిగొచ్చాడు. అతను తలుపు తీయగానే శ్రీవిద్య లోపలికి వచ్చి నగను చేతిలోకి తీసుకుని, ఒక ముత్యాన్ని పంటి మీద రుద్దింది. అసలు ముత్యమైతే సన్నటి ఇసుకలా గరగరమంటుంది. ఇది నున్నగా జారిపోయింది. ఏడు పేటలూ నకిలీవే.

డిజిటల్ కెమెరా ప్రతి ఫోటోకూ టైము రాసుకుంటుంది. మహీధర్ వెంటనే దాని వెనక తెర మీద చూశాడు. చివరి ఐదు ఫోటోలు ఒంటిగంటా పది తర్వాత తీసినవి. ముందు తలుపుకు తాళం ఉంది, చెవి హెన్రీ జేబులో ఉంది. వెనక తలుపుకు లోపలి నుంచి గొళ్లెం పడి ఉంది. కాబట్టి ఆ ఐదూ తీసింది హెన్రీయే, అతను ఒంటిగంటకు బయటికి పోనేలేదు, నగ మార్చి, నకిలీదని తెలియకుండా కావాలని ఫోటోలు చీకటి చేశాడు. ఇదీ మహీధర్ లెక్క.

వినడానికి బాగానే ఉంది. మహీధర్ చెప్పేవన్నీ వినడానికి బాగానే ఉంటాయి. నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకుని, నాది నత్తనడక అని నలుగురికీ చెప్పి, హిమాయత్‌నగర్‌లో ఏసీ ఆఫీసు తెరిచిన మనిషి. కానీ నకిలీ నగను దాచాలనుకున్నవాడు దానికి ఐదు ఫోటోలు తీయడం ఏమిటి? తీయకుండా ఊరుకుంటే సరిపోయేది కదా. ఇంత చిన్న ప్రశ్న అటు పోలీసులకు గానీ ఇటు మహీధర్‌కు గానీ తట్టకపోవడం నాకు వింతగా తోచింది.

ఆ టైములో నువ్వెక్కడున్నావని జెర్లిన్‌ను అడిగాను. ఫోటో పేపర్ కోసం కోఠీ పోయిందట. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, దుకాణంలో రద్దీ అని చెప్పి ఆగిపోయింది.

*

అబిడ్స్ పోలీస్ స్టేషన్‌లో ఎస్సై ప్రహ్లాద్ నన్ను చూసి పెద్దగా సంతోషించలేదు, అలాగని పొమ్మనీ అనలేదు. చెడ్డవాడు కాదు. కేసు ఎంత తొందరగా చేయి దాటితే అంత మంచిదనుకునే రకం. పావుగంట ఇచ్చాడు. ముసలాయన మీద చేయి చేసుకోలేదని తనే ముందుగా చెప్పాడు. కొట్టవద్దని శ్రీవిద్య కన్నీళ్లు పెట్టుకుందట.

హెన్రీ బెంచీ మీద మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, నలిగిన తెల్ల చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నాడు. నేను అడిగినవన్నీ చెప్పాడు. లైట్లు ఆర్పే పోయానన్నాడు. కెమెరా స్టాండు మీదే వదిలానన్నాడు. వెనక తలుపు వానాకాలం నుంచి ఎవరూ తీయలేదన్నాడు. ఎవరి మీదైనా అనుమానం ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఫోటోలు ముందు పెట్టాను. మొదటి ఏడూ మామూలుగా చూశాడు. ఎనిమిదోది చూడగానే బోర్లా తిప్పి బెంచీ మీద పెట్టేశాడు. మిగతా నాలుగింటి జోలికి పోలేదు.

"ఇవెందుకు చీకటిగ వచ్చినయి హెన్రీ గారూ?"

"కెమెరా ఖరాబైంది మేడమ్. కొత్త కెమెరాలు గట్లనే ఉంటయి."

"గదే కెమెరా గంట ముందు ఏడు మంచిగ తీసింది."

అతను బోర్లా పెట్టిన ఫోటో మీద అరచెయ్యి ఆనించాడు.

"ముప్పై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్నరు. ఫోటో చూసి ఏం తప్పైందో చెప్పలేరా?"

"చెప్పలేను," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "ఒక్కటి అడుగుత మేడమ్. మా జెర్లిన్‌ను స్టూడియోకు పోనియ్యకండి. పోలీసోళ్లు పిల్లను ఏం అడగకుండ చూడండి. నాకేమైతే గదైతది, ప్రభువు చూసుకుంటడు."

జైలుకు పోబోయే మనిషి తనను కాపాడమని కదా అడగాలి. ఇతను అడగలేదు. పైగా ఫోటోలు తీసి బతికిన మనిషి ఒక ఫోటోను చూడటానికి భయపడుతున్నాడు. నాకు జాలి వేసింది, దానితోపాటు ఒళ్లు మండింది. నిజం తెలిసి కూడా నోరు కుట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్లు మండుతుంది. ఇంతకీ అతనికి తెలిసినదేమిటి?

హెన్రీ కోరిక నేను తీర్చలేదు. బయటికి రాగానే జెర్లిన్‌ను వెంటబెట్టుకుని నేరుగా స్టూడియోకే పోయాను.

*

ఫోటోలు తీసే గది మొదటి అంతస్తులో వెనక వైపు ఉంది. కిటికీల్లేవు. మధ్యలో వెల్వెట్ పరిచిన బల్ల, దానికి రెండు పక్కలా హ్యాలోజన్ లైట్లు, ఎదురుగా స్టాండు. స్టాండు వెనక గోడలో ఆ రెండో తలుపు. దాని అవతల ఇనుప మెట్లు సందులోకి దిగుతాయి. స్టాండు పక్కన మేకుకు ఒక నల్ల గుడ్డ వేలాడుతోంది. అదేమిటని అడిగితే జెర్లిన్ కొద్దిగా నవ్వింది. పెద్ద పెట్టె కెమెరాల కాలంలో తల మీద కప్పుకునే గుడ్డట. ఆ కెమెరాలు పోయి ఎన్నాళ్లయినా హెన్రీకి అలవాటు పోలేదు. డిజిటల్ కెమెరాకు కూడా గుడ్డ కప్పి, దానికింద దూరి తీస్తాడట. స్టూడియోలో అందరూ ఆటపట్టిస్తారట.

కెమెరాను ఎస్సై సీలు వేసి ఇనుప బీరువాలో పెట్టించాడు. దాన్ని కోర్టుకు తీసుకుపోవడానికి తనే వచ్చాడు. ఒక అరగంట పరీక్ష చేసుకుంటానంటే గొణిగాడు గానీ సీలు విప్పాడు. ముందుగా జెర్లిన్ లోపలి మెమరీ కార్డు బయటికి తీసింది. మొన్నటి ఫోటోలు కంప్యూటర్‌కు ఎక్కించకముందే పోలీసులు వచ్చారట. ప్రింట్లయితే ఉన్నాయి గానీ, కెమెరా రాసుకున్న టైములూ వివరాలూ ఆ కార్డులో తప్ప ఇంకెక్కడా లేవు. దాన్ని ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, ఎక్కడైనా పడిపోతుందేమోనని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. వేరే కార్డు పెట్టి కెమెరాను స్టాండుకు బిగించింది. నగకు బదులు, కింద ఫుట్‌పాత్ మీద కొన్న తెల్ల పూసల దండ వెల్వెట్ మీద పెట్టాం.

నా పద్ధతి నత్తనడకే. ఒకసారికి ఒకటే మార్చాలి, తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. మొదట లెన్స్ మీద అనుమానం. లోపలి రేకులు బిగుసుకుంటే వెలుతురు సరిగా పడదని జెర్లిన్ చెప్పింది. వరసగా పది తీశాం, పదీ ఒకేలా వచ్చాయి. తర్వాత బ్యాటరీ. దాదాపు అయిపోయినది పెట్టి చూశాం. ఫోటో బాగానే ఉంది. మధ్యాహ్నం వోల్టేజీ పడిపోయి ఉంటుందని ఎస్సై అన్నాడు. ఇప్పుడూ మధ్యాహ్నమే, లైట్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి. జెర్లిన్ ప్రతిసారీ కన్ను పెట్టి చూసి, పట్టీకి ఉన్న చిన్న ముక్కేదో సర్ది, బటన్ నొక్కి పక్కకు జరిగేది. నేను తెర మీదికి వంగి ఫోటో కోసం చూసేదాన్ని. ప్రతిసారీ పూసలు తెల్లగా వెక్కిరించేవి.

ఒక్క సంగతి మాత్రం తెలిసింది. ఆ రోజు కెమెరా పెట్టి ఉన్న పద్ధతిలో, ఎంతసేపు కన్ను తెరవాలో అదే నిర్ణయించుకుంటుంది. వెలుతురు తక్కువైతే ఎక్కువసేపు, ఎక్కువైతే తక్కువసేపు. జెర్లిన్ పాత కార్డును ఒక్క నిమిషం పెట్టి చూపించి మళ్లీ డబ్బీలో పెట్టేసింది. మంచి ఫోటోలు ఏడింటికీ కెమెరా పావు సెకను తెరుచుకుంది. చీకటివాటికి సెకనులో ఇరవయ్యో వంతే. అంటే కెమెరా పొరపడింది. గదిలో లేని వెలుతురు ఉందనుకుని తొందరగా కన్ను మూసుకుంది. లైట్లు అవే, గుడ్డ అదే. మరి ఆ ఎక్కువ వెలుతురు దానికి ఎక్కడ కనిపించింది?

నా చూపు వెనక తలుపు మీద పడింది. తీయమన్నాను. జెర్లిన్ గొళ్లెం గుంజింది, కదల్లేదు. స్టూడియో యజమాని వెంకటేశం వచ్చి రెండు చేతులతో గుంజాడు, అరిచేత్తో గుద్దాడు. వానలకు ఉబ్బిపోయిందని, గొళ్లెం లేకున్నా ఆ తలుపు కదలదని చెప్పి, చెమట తుడుచుకున్నాడు. చివరికి ఎస్సై భుజంతో నెట్టి పట్టుకుంటే గొళ్లెం జరిగింది. తలుపు తెరిచి, ఎండ వెలుతురు లోపలికి రానిచ్చి, జెర్లిన్ చేత ఇంకో ఫోటో తీయించాను. పూసలు మళ్లీ తెల్లగానే వచ్చాయి.

ఇక నా దగ్గర మార్చడానికి ఏమీ మిగల్లేదు. తలుపు మూసి గొళ్లెం పెట్టించి, స్టూలు మీద కూలబడ్డాను. జెర్లిన్ ముఖం చూడలేకపోయాను.

*

"ఇంకా గీ కెమెరాతోనే ఆడుకుంటున్నవా అక్కా?"

గుమ్మంలో మహీధర్. ఏప్రిల్ నెలలో కోటు వేసుకుని అబిడ్స్‌లో తిరిగేవాడు నాకు తెలిసి అతనొక్కడే. ఎస్సైకి నమస్కారం పెట్టి, జెర్లిన్‌ను చూడనట్టే చూసి, కోర్టుకు టైమవుతోందని గుర్తుచేశాడు. నేను చేసిన పరీక్షలన్నీ ఎస్సై చెబితే తాపీగా విన్నాడు. కెమెరాలో ఏ లోపమూ లేదని నేనే రుజువు చేశాను కాబట్టి, ఫోటోలు చీకటి చేసింది హెన్రీ చేతులేనని, నాకు థాంక్స్ చెప్పాలని అన్నాడు.

కోపం నెత్తికెక్కింది. కానీ కోపం వచ్చినప్పుడు ప్రశ్న అడగడం నాకు అలవాటు.

"నువ్వీ గదిలకు మొన్న మొదటిసారి ఎప్పుడొచ్చినవ్ మహీధర్?"

"రెండింటికి. ఆమె నగ నకిలీదన్నంక. గంతకు ముందు ఈ గడప తొక్కలె, స్టేట్‌మెంట్ల రాసిన. ఒంటిగంట నుంచి కింద ఇరానీ హోటల్ల చాయ్ తాగుతున్న."

"హెన్రీ కావాలని ఎట్ల చీకటి చేసిండో జర తీసి చూపియ్యి. ఎస్సై గారు కూడ చూస్తరు."

ఆడంబరం ఉన్న మనిషికి వేదిక దొరికితే కాదంటాడా? ముందు మామూలు ఫోటో ఒకటి తీసి, తర్వాత చీకటిది తీసి, తేడా చూపిస్తానన్నాడు. హ్యాలోజన్ లైట్లు అరగంట నుంచి వెలుగుతుండటంతో గది పొయ్యిలా కాలిపోతోంది. మహీధర్ కాలర్ వదులు చేసుకున్నాడు, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఉక్కగా ఉందంటూ వెనక తలుపు దగ్గరికి పోయాడు. తలుపు అడుగున బూటు కొన దూర్చి కాస్త పైకి లేపి, గొళ్లెం ఒక్క గుంజు గుంజాడు. తలుపు తెరుచుకుని గాలి వచ్చింది. తిరిగొచ్చి కెమెరాకు ఒక పక్కన నిలబడి, బటన్ నొక్కాడు.

తెర మీద పూసలు మసిబారి కనిపించాయి.

జెర్లిన్ వంగి అంకె చూసి, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా ఇరవయ్యో వంతు అంది.

"ఏం మార్చినవ్?" అని అడిగాను.

"ఏం మార్చలె. ఇంకా మార్చనేలేదు," అన్నాడు మహీధర్. ఆ క్షణంలో అతను నిజమే చెప్పాడు, అతని ముఖంలో ఉన్నది ఉత్త ఆశ్చర్యమే. ఖరాబు కెమెరా అని విసుక్కుని మళ్లీ నొక్కాడు. మళ్లీ చీకటి.

తలుపు తెరిచే ఉంచి, జెర్లిన్‌ను మహీధర్ నిలబడ్డ చోటే నిలబెట్టి తీయమన్నాను. ఈసారి నేను తెర వైపు చూడలేదు, ఆమె చేతుల వైపు చూశాను. కన్ను పెట్టి చూసింది. కెమెరా పట్టీకి ఉన్న నల్లటి చిన్న రబ్బరు ముక్కను తీసి, తను కన్ను పెట్టిన కంతకు తొడిగింది. బటన్ నొక్కింది. పూసలు తెల్లగా వచ్చాయి.

"గా రబ్బరు ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

"కెమెరాతోని వచ్చిన పుస్తకంల ఉంది మేడమ్. కన్ను తీసి నొక్కితే, వెనక నుంచి వెలుతురు ఈ కంతలకెల్లి లోపలికి పోయి కెమెరా లెక్క తప్పుతదంట. అందుకని మూయాలె. అలవాటైపోయింది, చెప్పాలని కూడ యాద్‌కు రాలె," అంది. అంటూనే తలెత్తి, మేకుకు వేలాడే నల్ల గుడ్డ వైపు చూసింది.

నేనూ అటే చూశాను. ముసలాయన అలవాటని అందరూ నవ్వే గుడ్డ చేసే పని ఇదే. దాని కింద దూరి తీస్తే వెనక వెలుతురు లోపలికి పోదు. హెన్రీ చేతిలో ఈ కెమెరా ఎప్పుడూ పొరపడదు. జెర్లిన్ చేతిలో పొరపడదు. గుడ్డ సంగతీ రబ్బరు సంగతీ తెలియని మూడో మనిషి, వెనక తలుపు తెరిచి ఉండగా, పక్కన నిలబడి నొక్కితేనే పొరపడుతుంది. మొన్న ఒంటిగంటా పదికి ఐదుసార్లు పొరపడింది. ఇప్పుడు మా కళ్ల ముందు రెండుసార్లు పొరపడింది.

ఇదంతా ఎస్సైకి అర్థమయ్యేలా చెప్పాను. నకిలీ నగకు ఫోటోలు ఎందుకు తీశారన్న నా పొద్దుటి ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఆ ఫోటోలు నగ కోసం తీసినవి కావు, టైము కోసం తీసినవి. హెన్రీ భోజనానికి పోయిన సమయంలో కెమెరా పనిచేస్తే, తాళం వేసిన గదిలో హెన్రీయే ఉన్నాడని కెమెరా సాక్ష్యం చెబుతుంది.

"కట్టుకథ మంచిగుంది," అన్నాడు మహీధర్. "గా రబ్బరు సంగతి తెల్వనోళ్లు ఈ పట్నంల లక్షల మంది ఉన్నరు. నేనొక్కన్నేనా?"

"ఔ, లక్షల మంది ఉన్నరు. కానీ గా గొళ్లెం ఎట్ల తీయాల్నో వాళ్లకు తెల్వదు. ఈ దుకాణం యజమానికే తెల్వదు. నువ్వు బూటు పెట్టి ఒక్క గుంజుకు తీసినవ్."

మహీధర్ తెరిచి ఉన్న తలుపు వైపు చూశాడు. మొన్న పొద్దున బందోబస్తు కోసం చూశానన్నాడు. ఎస్సై ప్రహ్లాద్ మెల్లగా గుర్తుచేశాడు, రెండింటిదాకా గడప తొక్కలేదని ఇప్పుడే కదా అన్నారని.

అప్పుడు వెంకటేశం నోరు తెరిచాడు. అంతకు ముందు రోజు మధ్యాహ్నం మహీధర్ వచ్చి, రేపు నగ తెస్తున్నారు, గది చూడాలని చెప్పి లోపల ఒక్కడే కాసేపు ఉన్నాడట. ఈ సంగతి ఇంతవరకూ ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు. ఎస్సై ముఖం నల్లబడింది. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. మహీధర్ గొళ్లెం ముందు రోజే తీసి పెట్టాడు. ఉబ్బిన తలుపు గొళ్లెం లేకున్నా కదలదు కాబట్టి హెన్రీకి తెలియలేదు. మర్నాడు ఇనుప మెట్ల మీదుగా వచ్చి, అదే బూటు కిటుకుతో తలుపు తీసి, పని ముగించుకుని, అలాగే దిగిపోయాడు. రెండింటికి అందరికంటే ముందు వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి, గొళ్లెం పెట్టి ఉందని అరిచి చెప్పింది కూడా అతనే. నిజానికి దాన్ని పెట్టింది అప్పుడే.

ఎస్సై స్టేషన్‌కు ఫోన్ చేసి, హెన్రీని కోర్టుకు పంపొద్దని చెప్పాడు. మహీధర్ కోటు విప్పి స్టూలు మీద వేసి, దాని పక్కనే కూర్చున్నాడు. పారిపోయే ప్రయత్నమేమీ చేయలేదు. అది నాకు అప్పుడే వింతగా తోచాల్సింది.

జెర్లిన్ సంతోషించలేదు. నల్ల గుడ్డను మేకు నుంచి తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

"మేడమ్, డాడీకి ఈ సంగతి తెలుసు కద. ఫోటో చూడంగనే గుడ్డ కప్పలేదని తెలుస్తది. మరెందుకు చెప్పలె?"

నాకు అప్పటికే తెలుసు. ఎనిమిదో ఫోటో బోర్లా తిప్పేసిన చేయి కళ్ల ముందు కదిలింది. ఆ పిల్ల తెలివైనది, నేను చెప్పనవసరం లేకపోయింది.

"ఈ కెమెరా వాడొచ్చేది మా ఇద్దరికే," అంది మెల్లగా. "నేను గుడ్డ ఎన్నడూ కప్పుకోలె. రబ్బరు పెడ్తనని డాడీకి తెల్వదు. గా ఫోటోలు నేను తీసిన అనుకున్నడు. నేను దొంగతనం చేసిన అనుకుని, నా బదులు జైలుకు పోతున్నడు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది. ఈ మాట ఇప్పుడే నాన్న ముఖం మీదే చెప్పాలంది. కాసేపాగు, అందరం కలిసి పోదామని నేను అన్నాను. గుడ్డను సంకలో పెట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని ఆమె మెట్లు దిగిపోయింది. నేను ఆపలేదు. తండ్రి దగ్గరికి పోతున్న పిల్లను ఆపడానికి నాకు మనసొప్పలేదు. వెంకటేశం ఆమె వెనకే దిగాడు.

ఎస్సై మహీధర్‌ను అసలు నగ ఎక్కడుందని అడుగుతున్నాడు. మహీధర్ అతన్ని వదిలేసి నా వైపు తిరిగాడు.

"అక్కా, నాది నీ దగ్గర నేర్చుకున్న పనే, అందుకని నిన్నే అడుగుతున్న. ఏడు పేటలు, ముత్యం ముత్యం సైజు కలిసేటట్టు నకలు చేయాలంటే అసలుది చేసేటోని ముందల కొన్నాళ్లుండాలె. నా చేతికి ఎన్నడొచ్చింది?"

అవును. అతని చేతికి ఒక్క రోజు కూడా రాలేదు. తల్లి పోయిన నాటి నుంచి ఆ సత్‌లడా ఒక్కరి బీరువాలోనే ఉంది. నగ పోయిందంటే అక్కచెల్లెళ్లకు పంచవలసిన పని లేదు. పంటి మీద రుద్ది నకిలీదని మొట్టమొదట చెప్పిందీ ఆమే, ముసలాయనను కొట్టవద్దని కన్నీళ్లు పెట్టుకుందీ ఆమే. హెన్రీ ఏ పాపం ఎరగడని అందరికంటే బాగా తెలిసిన మనిషి కాబట్టి పెట్టుకుంది.

"శ్రీవిద్య ఎక్కడుంది?" అని అడిగాను.

"కింద కార్ల ఉన్నది. కోర్టుకు రమ్మని నేనే పిలిచిన," అన్నాడు ఎస్సై.

వెంకటేశం అప్పుడే మెట్లెక్కి వచ్చాడు, ముఖమంతా నవ్వు. శ్రీవిద్యమ్మ ఎంత మంచిదోనని మొదలుపెట్టాడు. కార్డులో ఉన్నదేమిటో, అది ఎవరి బ్యాగులో ఉందో, హెన్రీ ఎలా బయటపడ్డాడో సంతోషం పట్టలేక ఆమెకు అంతా చెప్పేశాడట. పాపం ఈ ఎండలో నడిచి పోవడమేమిటని, స్టేషన్ దాకా దింపుతానని ఆమె జెర్లిన్‌ను కారులో ఎక్కించుకుందట.

ముందు గదిలో బాల్కనీ ఉంది. నేను ఎలా అక్కడికి చేరానో నాకు గుర్తులేదు. కింద రద్దీలో తెల్ల కారు కదులుతోంది. వెనక సీటు అద్దంలోంచి, ఒళ్లో నల్ల గుడ్డ పెట్టుకుని కూర్చున్న జెర్లిన్ కనిపించింది. కార్డు ఉన్న బ్యాగు ఆమె భుజానికే ఉంది. పేరు పెట్టి అరిచాను. బస్సు హారన్లలో నా గొంతు నాకే వినపడలేదు.

పోలీస్ స్టేషన్‌కు ఎడమ చేతి వైపు తిరగాలి. కారు కుడి చేతి వైపు తిరిగింది.